గ్లాడ్‌స్టన్ విగ్రహం కింద ఏమి వ్రాయాలి?

టొరంటో క్వీన్ వీధిలో తిరిగే మనమందరం గ్లాడ్‌స్టన్ అవెన్యూను ఎన్నోసార్లు దాటి ఉంటాము. బ్రిటన్‌కు నాలుగుసార్లు ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్‌దీ ఆ పేరే. శిల్పి థామస్ వుల్నర్ 1866లో మలచిన ఆయన పాలరాతి అర్ధవిగ్రహం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆయన హోమర్ పండితుడు గనుక పీఠం మీద ఇలియడ్ దృశ్యాలు చెక్కారు. గయానాలో పుట్టిన నాకు మాత్రం ఆ పీఠం మీద ఒక దృశ్యం కొరవడినట్లే తోస్తుంది.

1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుండి డెమెరారా చేరాయి. (రెండవదాని పేరూ గ్రీకుదే!) వాటి నుండి దిగిన సుమారు 400 మంది, ఒప్పందపు కూలీలుగా గయానా చేరిన తొలి భారతీయులు. తన చెరకు తోటలకు అటువంటి పనివారిని పంపగలరా అని 1836లో కలకత్తా వర్తక సంస్థకు ఉత్తరం వ్రాసినవాడు జాన్ గ్లాడ్‌స్టన్, విలియం తండ్రి. బానిసలను విడిచిపెట్టినందుకు ఆయనకు లక్ష పౌన్లకు పైగా పరిహారం ముట్టింది. ఆ బానిసలకు దక్కినది మరికొన్నేళ్ల నిర్బంధ చాకిరీ.

“తండ్రి చేసినదానికి కుమారుణ్ణి నిందించవచ్చునా?” అని మన పెద్దలే నన్ను అడిగారు. 1833 జూన్ 3న ఆ కుమారుడు పార్లమెంటులో చేసిన తొలి ప్రధాన ప్రసంగం తండ్రిగారి వ్రీడెన్‌హూప్ తోటను సమర్థించడానికే. (ఆ పేరుకు డచ్చి భాషలో ‘శాంతి, ఆశ’ అని అర్థమట.) 2023లో గ్లాడ్‌స్టన్ వంశీకులు జార్జ్‌టౌన్‌కు వచ్చి స్వయంగా క్షమాపణ చెప్పారు. వారు ఒప్పుకున్నదానిని మనం దాచడం ఏమి మర్యాద?

విగ్రహాన్ని తొలగించమని నేననను. 2020లో మాంట్రియల్‌లో జాన్ మెక్‌డొనాల్డ్ విగ్రహాన్ని పడగొట్టినప్పుడూ నేను సంతోషించలేదు. ఖాళీ పీఠాన్ని చూపి పిల్లలకు ఏమి పాఠం చెప్పగలము? ఆ ముఖం ఉండవలసిందే. దాని కింద ఇలియడ్‌తో పాటు ఆ రెండు ఓడల పేర్లూ ఉండాలి.

మా పూర్వికులు ఆ ఓడలలో రాలేదు. వారు తరువాత మద్రాసు రేవు నుండి వచ్చిన తెలుగువారు. వారి భాష తోటలలోనే అంతరించింది; ఉపాధ్యాయ వృత్తి విరమించాక నేను సాయంకాలపు తరగతిలో అ ఆలు దిద్దుకున్నాను. అక్కడే ఒక తల్లి, పిల్లల ముందు ‘కూలీ’ అనవద్దని నన్ను వారించింది. అమ్మా, ‘కూలి’ అంటే చేసిన పనికి రావలసిన సొమ్ము. మా వారు సిగ్గుపడవలసినది అందులో ఏముంది? సిగ్గు ఎగవేసినవారిది.

వచ్చే తరగతికి ఆ విగ్రహం ఛాయాచిత్రం తెస్తున్నాను. మీ పిల్లలను తప్పక పంపండి.