సింహాసనం మీది మనిషి

యుద్ధం మనుషుల మధ్యే మొదలవుతుంది. ఒక రాజు సరిహద్దు దాటుతాడు. నమ్మిన మంత్రి ద్రోహం చేస్తాడు. ఊరూ ఇల్లూ పోగొట్టుకున్న కుర్రవాడొకడు కత్తి పట్టి చిన్న దండును కూడగడతాడు. కోటలు ఒక్కొక్కటిగా లొంగుతాయి. ఇంత చేసి ఆఖరి మ్యాప్‌లో అడుగుపెడితే అక్కడ డ్రాగన్ కాచుకుని ఉంటుంది. స్ట్రాటజీ రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవారికి ఇది కొత్త కాదు. రాజ్యాలూ పన్నులూ వారసత్వపు తగాదాలూ అన్నీ పక్కకు పోయి, లోకాన్ని మింగడానికి వచ్చిన భూతం ముందు నిలబడతాం. దాన్ని చంపుతాం. పాట మొదలవుతుంది, పేర్లు పడతాయి. ఆ పేర్లు చూస్తున్నప్పుడు మనసులో చిన్న వెలితి ఉండిపోతుంది. ఇంతకీ ఆ యుద్ధం సంగతి ఏమైంది?

ఈ ఒరవడి పాతదే. 1990లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ మీద వచ్చిన తొలి ‘ఫైర్ ఎంబ్లమ్’లోనే యువరాజు మార్త్ చివరికి ఎదిరించేది మెడియస్ అనే డ్రాగన్‌ని. కానీ ఆ ఆట ఆడినవారు తలచుకునేది మెడియస్‌ని కాదు, గ్రస్ట్ సేనాని కామ్యూని. తన రాజు తప్పు వైపు నిలిచాడని అతనికి తెలుసు. అయినా పట్టిన కత్తి వదలడు. అతన్ని మన వైపు తిప్పుకునే దారి ఆటలో లేదు, ముందుకు సాగాలంటే అతన్ని దాటాలి. ఆ తర్వాతి ఆటల్లో ఇలాంటి శత్రువు ఎవరు కనిపించినా అభిమానులు కామ్యూ పేరే పెట్టి పిలుస్తారు. డ్రాగన్‌కు అలాంటి వారసులు పుట్టలేదు.

మరి ఆటలు చేసేవారు ప్రతిసారీ డ్రాగన్ దగ్గరికే ఎందుకు పోతారు? దానికి లెక్కల కారణం ఒకటి ఉంది. ఈ ఆటల్లో మన సైనికుడికీ శత్రువుకీ కొలతలు ఒకటే. బలం, వేగం, రక్షణ, హెచ్‌పీ అన్నీ ఒకే పట్టికలో కనిపిస్తాయి. ఇరవై మ్యాపుల పాటు పెంచుకున్న మన కత్తిధారి ముందు ఎంత గొప్ప చక్రవర్తి అయినా ఒక్క టర్న్‌లో పడిపోవచ్చు. ఆఖరి పోరు అంత తేలిగ్గా ముగిస్తే ఆటగాడు ఊరుకోడు. అందుకని ఆ పట్టికకు లొంగని శరీరం కావాలి, ఫలానా ఖడ్గానికే తెగే చర్మం కావాలి.

రెండో కారణం మనసుకు సంబంధించింది. ఈ ఆటల్లో ‘మాట్లాడు’ అనే కమాండ్ ఒకటి ఉంటుంది. ఎదుటి వరుసలో ఉన్న సైనికుడి దగ్గరికి సరైన మనిషిని పంపితే, అతని చెల్లినో పాత మిత్రుణ్నో పంపితే, అతను కత్తి దించి మన వైపు వచ్చేస్తాడు. ఈ ఆటలు కనిపెట్టిన వాటిలో ఇంతకంటే అందమైన సంగతి లేదనిపిస్తుంది. అయితే దానివల్ల ఆటగాడికి ఒక అనుమానం అంటుకుంటుంది. వీడితో కూడా ఎవరైనా మాట్లాడి ఉంటే? ఆఖరి మ్యాప్‌లో కూర్చున్నది మనిషి అయితే ఆ అనుమానం ఇంకా పెద్దదవుతుంది. డ్రాగన్ అయితే ఆ బెడద లేదు. దాన్ని చంపి చేతులు కడుక్కోవచ్చు. దారిలో మనం చంపిన వందల మంది సిపాయిల లెక్క కూడా దాని ఖాతాలోకే పోతుంది. మన అసంతృప్తి ఇక్కడే ఉంది.

భారతం వింటూ పెరిగినవాళ్లకు ఈ వెలితి త్వరగా తెలుస్తుంది. పద్దెనిమిది రోజుల యుద్ధం ఏ భూతంతోనూ ముగియదు. మడుగులో దాగిన సుయోధనుణ్ని బయటికి పిలిచి, గద పట్టించి, తొడలు విరగ్గొట్టడంతో ముగుస్తుంది. అది ధర్మమైన దెబ్బేనా అని బలరాముడు అక్కడికక్కడే మండిపడతాడు. 1977లో వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడిగా, కర్ణుడిగా, సుయోధనుడిగా మూడు వేషాలు కట్టారు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ మాటల్లో జనం నేటికీ కంఠతా చెప్పేవి సుయోధనుడివే. ఓడినవాడి వాదన వినడం మనకు అలవాటు.

ఆ వాదన వినిపించి కూడా చివర్లో వెనక్కి తగ్గిన ఆటలు ఉన్నాయి. 1997లో స్క్వేర్ సంస్థకు మత్సునో యసుమి దర్శకత్వంలో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’లో విగ్రాఫ్ అనే తిరుగుబాటు నాయకుడు ఉంటాడు. యుద్ధంలో వాడుకుని జీతం కూడా ఇవ్వకుండా తరిమేసిన సైనికుల గొంతు అతను. అతని చెల్లెలు మన చేతుల్లోనే పోతుంది. అతని కోపంలో న్యాయం ఉంది, ఆటకూ అది తెలుసు. కానీ చావు బతుకుల మధ్య ఒక రాయి ఇచ్చే శక్తికి ఒప్పుకుని అతను రాక్షసుడవుతాడు. అక్కడి నుంచి ఆ జీతాల సంగతి ఎవరూ ఎత్తరు. ఎంతో ఇష్టమైన ఆటలో ఇది బాధపెట్టే చోటు.

2004 నాటి ‘ఫైర్ ఎంబ్లమ్: ది సేక్రెడ్ స్టోన్స్’ ఇంకొంచెం ధైర్యం చేసింది. చనిపోయిన తండ్రిని బతికించుకోవాలని చూసిన లియోన్ అనే యువరాజులోకి అసుర రాజు చేరతాడు. కథానాయకులైన అన్నాచెల్లెళ్లలో చెల్లెలు ఎయిరికా దారిలో ఆడితే, లోపలి రాక్షసుడే ఇదంతా చేయించాడనిపిస్తుంది. అన్న ఎఫ్రయిమ్ దారిలో ఆడితే, లియోన్ మనసులోని అసూయా ఆశా కూడా ఇందులో ఉన్నాయని తెలుస్తుంది. ఒకే నేరానికి రెండు వాంగ్మూలాలు. ఆఖర్న ముందు లియోన్‌తో, ఆ తర్వాత అసుర రాజుతో పోరాడాలి.

అదే వరుసలో 2019లో వచ్చిన ‘త్రీ హౌసెస్’లో మనం ఉపాధ్యాయులం. మొదట్లో మూడు విద్యార్థి బృందాల్లో దేన్ని ఎంచుకున్నామన్న దాన్నిబట్టి చివరి శత్రువు మారిపోతుంది. ఒక బృందానికి నాయకురాలైన ఎడెల్‌గార్డ్ పక్షం పట్టి ఆమెతోనే నిలబడితే, చివర్లో డ్రాగన్‌గా మారేది మఠాధిపతి రియా. మరో బృంద నాయకుడు డిమిత్రి వైపు వెళితే, భయంకర రూపం దాల్చి చివరి మ్యాప్‌లో నిలిచేది అదే ఎడెల్‌గార్డ్. ఎవరు రాక్షసులన్నది మనం తొలినాడు ఏ తరగతి గదిలోకి వెళ్లామన్న దాని మీద ఆధారపడిందన్నమాట. డిమిత్రి దారిలో ఆమె ఓడగానే ఆ వికృత రూపం పోయి పాత మొహం తిరిగి వస్తుంది. అతను చేయి చాస్తాడు. చిన్ననాడు తానే ఆమెకిచ్చిన బాకును ఆమె అతని మీదికి విసురుతుంది. అతను ఆమెను ఈటెతో పొడవక తప్పదు. చంపేటప్పుడు తేలికగా ఉండాలని వేసిన ముసుగును ఆట తానే లాగేసింది. ఈ ధోరణిలో ఇంత నిజాయితీ అరుదు.

ఇంతకంటే లోతుకు వెళ్లింది మాత్రం అదే వరుసలో ఎలీబ్ అనే ఖండంలో జరిగే రెండు ఆటలే. 2002 నాటి ‘ది బైండింగ్ బ్లేడ్’లో శత్రువు బెర్న్ రాజు జెఫీల్. మనుషుల్లో అసూయా స్వార్థమూ తప్ప ఏమీ లేవని, ఈ నేలను డ్రాగన్లకు అప్పగించడమే మేలని అతని నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. కొడుకు ప్రతిభను ఓర్వలేని తండ్రి డెస్మండ్ అతనికి విషం పెట్టించాడు. చచ్చినట్టు శవపేటికలో పడుకున్న కొడుకు, చూడవచ్చిన తండ్రిని అక్కడే పొడిచాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆట కథను ఇరవై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. అందులో జెఫీల్ మెత్తని మనసున్న చిన్న యువరాజు. తండ్రి పురమాయించిన హంతకులు రాత్రివేళ కోటలోకి వస్తారు. పిల్లవాణ్ని కాపాడటమే ఆ మ్యాప్‌లో మన పని, అతను చనిపోతే ఆట ఓడినట్టే. కాపాడేది ఆ ఆట కథానాయకుడు ఎలివుడ్. ఇరవై ఏళ్లకు ఆ జెఫీల్‌ని కడతేర్చేది ఎలివుడ్ కొడుకు రాయ్.

జెఫీల్ తర్వాత డ్రాగన్ వస్తుంది. పేరు ఇదూన్. దివ్యాయుధాలన్నిటినీ విరగకుండా కాపాడుకుంటేనే ఆమె దాకా వెళ్లగలం, లేకపోతే కథ జెఫీల్‌తోనే ఆగిపోతుంది. ఇదూన్ అంత కష్టమైన బాస్ కాదని ఆడినవారు ఎప్పటి నుంచో చెబుతున్నారు. దాన్ని లోపం అనలేం. పూర్వయుద్ధంలో ఆమె ఆత్మను చిదిమేశారు. ఆమెకు కోపం లేదు, కోరిక లేదు, ఆజ్ఞ ఉంటే కదులుతుంది. వెనకటి వీరుడు హార్ట్‌ముట్ ఆమెను చంపలేక జాలిపడితే, ఆ జాలికి అతని ఖడ్గమే శక్తి తగ్గించుకుని ఆమెను బంధించింది. రాయ్ కూడా అదే ఖడ్గంతో ఆఖరి దెబ్బ కొడితే ఆమె బతుకుతుంది. ద్వేషమంతా మనిషిలో ఉంది, కనికరం దక్కింది డ్రాగన్‌కు.

జెఫీల్‌ని బతికించే ఖడ్గం మాత్రం ఆటలో లేదు. అతని కోసం ఏడ్చే మనిషి ఉంది, అదీ మన శిబిరంలోనే. చెల్లెలు గినివియర్ యుద్ధం ఆపాలని బెర్న్ రాజచిహ్నమైన ఫైర్ ఎంబ్లమ్‌ను తీసుకుని కోట వదిలి వచ్చింది. తండ్రి ప్రేమంతా ఈమెకే దక్కిందన్నదే ఆ ఇంటి గొడవకు మూలం. చివరికి ఓడిన దేశానికి ఆమే రాణి అవుతుంది. అన్నను చంపిన సైన్యం పక్కన నిలబడి, ఆ అన్న కోసం ప్రాణాలిచ్చిన సైనికుల కుటుంబాలను ఏలాలి. డ్రాగన్ చచ్చిన ఏ ఆటకూ ఇలాంటి మర్నాడు లేదు. 2003లో ఈ కథ వెనక్కి నడిచింది గానీ ముందుకు నడవలేదు. గినివియర్ ఏలుబడి మీద ఒక ఆట రావాలి. అందులో చివరి మ్యాప్ ఏదో, అక్కడ ఎవరు ఉంటారో తెలుసుకోవాలని ఉంది.