వేళ్లు అరిగినవాళ్లకు ఖాతా లేదట!

అప్పు ఇమ్మని అడగలేదు. ఉన్న అప్పు మాఫీ చేయమని అడగలేదు. తన రెక్కల కష్టం నాలుగు రూపాయలు దాచుకుంటానని ఒక మనిషి బ్యాంకు గుమ్మం ఎక్కితే, నీ డబ్బు మాకొద్దు పొమ్మంటారా? పైగా ఆ పొమ్మనడం కూడా తలెత్తి, మొహం చూసి అనరా?

గుంటూరులో మిర్చి తొడిమలు తీసే కూలి ఆవిడ. సత్తెనపల్లి వైపు పల్లె నుంచి బతుకుతెరువుకు వచ్చింది. పొద్దుటి నుంచి కాయల కుప్ప ముందు కూర్చుంటే సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. ఆ ఘాటుకీ ఆ రాపిడికీ వేళ్ల మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఊళ్లో ఏళ్ల తరబడి డ్వాక్రా సంఘంలో ఉంది. ఒక్క కిస్తీ తప్పలేదు. భర్త ఆస్పత్రిలో పడిన నెలలో కూడా చెవిదిద్దులు తాకట్టు పెట్టి తన వాటా కట్టింది. అంతటి మనిషికి సొంత పేరున ఒక్క పాస్‌బుక్కు కూడా లేదు. సంఘం ఖాతా సంఘానిది. 2014లో జన్‌ధన్ మొదలైనప్పుడు ఇంటికొక ఖాతా అన్నారు కదా, ఆ ఒక్కటీ మొగుడి పేరున తెరిచారు. ఆయన పోయాడు. పథకాన్ని ఇంటి నుంచి మనిషికి మార్చి, పెద్దవాళ్లందరికీ ఖాతా అన్నది 2018లో. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మేస్త్రీ ఇకమీదట కూలి ఖాతాలోనే వేస్తాననేసరికి బ్యాంకుకు పోక తప్పలేదు. వేలు పెట్టమన్నారు, పెట్టింది. పడలేదు. తుడుచుకుని పెట్టింది, పడలేదు. "వేళ్లు పడట్లేదమ్మా, ఆధార్ సెంటరుకు పోయి అప్‌డేట్ చేయించుకో." ఒక రోజు కూలి వదులుకుని చేయించుకొచ్చింది. మళ్లీ అదే తంతు. సంఘం అప్పుల పుస్తకం సంచిలోంచి తీసి, "చూడండి బాబూ, ఏనాడూ ఎగ్గొట్టలేదు" అనబోయింది. "అవన్నీ ఇక్కడ పనికిరావు. వేరే బ్యాంకు చూసుకో." పక్కనే ఉన్న నేను, ఏ రూలో చూపించండి అన్నాను. "సిస్టమ్ తీసుకోదు సార్" అన్నాడు కౌంటరులో కూర్చున్నతను. నాకు సార్, ఆవిడకు చూసుకో!

రూలు అతనికి తెలియకపోతే నేను చెబుతాను. గాయం వల్ల గానీ, జబ్బు వల్ల గానీ, వయసు మీదపడి గానీ, మరే కారణం చేత గానీ బయోమెట్రిక్ కుదరకపోతే వేరే మార్గంలో గుర్తింపు తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లోనే ఉంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉండి మనిషి పట్నంలో ఉంటే, ఇప్పుడుండే చోటు ఇదీ అని స్వయంగా రాసిస్తే చాలు. అసలు ఏ గుర్తింపు కాగితమూ లేనివాళ్లకు కూడా చిన్న ఖాతా అని ఒకటుంది. అధికారి ఎదుట ఫొటో మీద సంతకమో వేలిముద్రో వేస్తే తెరవాలి. నిల్వ 50 వేలు దాటకూడదు, ఏడాదిలో జమ లక్ష దాటకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు. మిర్చి కూలికి అంతకన్నా ఏం కావాలి? ఇన్ని దారులు కాగితం మీద తెరిచే ఉన్నాయి. వాటికి అడ్డంగా కూర్చున్నది ఒక కుర్చీ, అందులో ఒక విసుగు.

ఇది మా గుంటూరు గొడవ మాత్రమే అయితే ఊరుకునేవాణ్ని. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ 2023లో ఖాతా తెరవబోతే, కెమెరా ముందు రెప్ప కొట్టాలన్నారు. రెప్పే లేని మనిషిని రెప్ప కొట్టమనడం! ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని తేల్చి ఇరవై ఆదేశాలిచ్చింది. ఆ ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు తన నిబంధనల్లో ఒక మాట చేర్చింది: బుర్ర పెట్టి ఆలోచించకుండా ఏ దరఖాస్తునూ తోసిపుచ్చరాదు, తోసిపుచ్చితే కారణం అధికారి నమోదు చేయాలి. ఆలోచించండి అని బ్యాంకులకు ఉత్తర్వు వేయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడికొచ్చిందో చూడండి.

అన్నిటికన్నా ఒళ్లు మండేది వేరే ఉంది. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేసిన నాటి నుంచి, తెలుగునేల మీద అప్పు తీర్చడమంటే ఏమిటో బ్యాంకులకు నేర్పింది ఇలాంటి వాళ్లే. అందుకే సంఘానికి 20 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. అప్పు వసూలు చేసుకునేటప్పుడు ఆవిడ మాట బంగారం. అదే మనిషి ఒంటరిగా వచ్చి డబ్బు దాస్తానంటే మాత్రం అనుమానం! దొంగడబ్బును పట్టడానికి పుట్టిన కేవైసీ ఎవరిని పడుతోంది? 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంకులో 13 వేల కోట్లకు పైబడిన మోసం బయటపడింది. ఆ నిందితులను వేళ్లు పడలేదని ఏ కౌంటరు దగ్గరైనా వెనక్కి పంపారా?

అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు అంటారు. నిజమే, ఉన్నాడు. అయితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి. ఆవిడకు దొరికిందల్లా నోటిమాట. దరఖాస్తు ఫారమే చేతికివ్వలేదు, ఇక తిరస్కరించినట్టు రుజువెక్కడిది? వాళ్ల లెక్కల్లో ఆ రోజు ఎవరూ రాలేదు, ఎవరినీ కాదనలేదు. జన్‌ధన్ ఖాతాలు 50 కోట్లు దాటాయని చాటింపు వేసేటప్పుడు, గుమ్మం దగ్గరి నుంచే వెనుదిరిగిన వాళ్ల లెక్క ఏ పుస్తకంలో రాశారు?

ఇప్పుడు ఆవిడ కూలి పక్క వీధి కుర్రాడి ఖాతాలో పడుతోంది. వందకు రెండు రూపాయలు పట్టుకుని మిగతాది ఇస్తాడు, అదీ అతగాడు ఊళ్లో ఉన్న రోజున. కూతురు ఫీజు కట్టాల్సిన వారం అతను పెళ్లికి పోయాడు.

సోమవారం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి అర్జీ రెండు ప్రతులు రాశాం. ఒకటి మేనేజరుకి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ మాకు కావాలి. పెట్టనంటే, పెట్టనన్నాడని కింద రాసి ఆ పూటే స్పీడ్‌పోస్టులో పంపిస్తాం. 30 రోజులు అప్పటి నుంచి లెక్కపెడతాం.