పాత పాటకు దండేసి కొత్త పాటకు తలుపేస్తారా?

ఫిబ్రవరి 11 వచ్చిందంటే మా కృష్ణా జిల్లాలో ఘంటసాల పటానికి దండలు పడతాయి. ఆయన పోయింది 1974లో ఆ రోజునే. సాయంత్రం ఏ సభకు వెళ్లినా వినపడే మాట ఒకటే: ఆ రోజులు వేరు, ఆ పాటలు వేరు, ఇప్పుడొచ్చేవీ ఒక పాటలేనా? దూరదర్శన్ ఒక్కటే ఉన్నప్పుడు ఊరంతా కలిసి చూసేవాళ్లమని, ఛానళ్లు పెరిగాక ఎవరికి వారే అయిపోయామని ఇంకొకరు అందుకుంటారు. సభలో చప్పట్లు మోగుతాయి. ఆ మాట నిజం కాదు. పైగా, ఆ పాటలు కట్టినవాళ్లకే అది అన్యాయం చేస్తుంది.

ఆ బంగారు కాలంలో పెద్దలు ఆ పాటల్ని ఏమన్నారో ముందు చూద్దాం. ‘మాయాబజార్’ 1957 మార్చిలో విడుదలైంది. అప్పుడు కేంద్రంలో సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్. 1952 నుంచి పదేళ్లపాటు ఆ శాఖ ఆయన చేతిలోనే ఉంది. సినిమా పాట జనం అభిరుచిని పాడుచేస్తుందని ఆయన గట్టిగా నమ్మారు. ఆ పట్టుదలకు ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైపోయింది. పాట కావాలనుకున్నవాళ్లు రేడియో సిలోన్ పట్టుకున్నారు. జనం అటు పోయాక, 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ప్రభుత్వం దిగివచ్చింది. ఇవాళ మనం కళ్లకద్దుకునే పాటలు పుడుతున్న ఏళ్లలో సినిమా పాట రేడియోకు తగదని ఢిల్లీ తేల్చేసింది. దరువు ఎక్కువ, సాహిత్యం తక్కువ, అంతా పడమటి వాద్యాల మోత, పిల్లలు చెడిపోతారు... ఇప్పుడు కొత్త పాట మీద పడుతున్న నిందలన్నీ అప్పుడు ఆ పాటల మీద పడ్డవే.

కూచిపూడి సంగతి చూడండి. ‘దేవదాసు’, ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ తీసిన వేదాంతం రాఘవయ్య ఆ ఊరివారు. విజయా వారి సినిమాలకు నాట్యం కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిదీ ఆ ఊరే. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి సినిమాల్లో పనిచేసి, 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. గుడి ముందు పందిట్లో గజ్జె కట్టాల్సిన కుర్రాళ్లు మద్రాసు రైలెక్కడం అప్పటివాళ్ల కళ్లకు పండగేమీ కాదు. ఆ రైలెక్కినవాళ్లు చేసిన పనే ఇవాళ మనకు పాత బంగారం. అంతకుముందే వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు నాట్యం నేర్పారు. సత్యభామ వేషం కూడా మగవాళ్లే కట్టే సంప్రదాయంలో అది ఎంత సాహసమో ఆలోచించండి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను చూసినవాళ్లు ఆ జడ విసురు ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ ఇవాళ కూచిపూడి అనగానే ప్రపంచానికి కనపడేది ఆడపిల్ల. పాత రోజులే మేలనుకుని ఉంటే ఆ పిల్ల అరుగు మీద కూర్చుని చూసేదే తప్ప గజ్జె కట్టేది కాదు.

ఘంటసాల కూడా అంతే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే చిన్నతనంలో ఆడేవారు. విజయనగరం వెళ్లి శాస్త్రీయ సంగీతం చదువుకున్నారు, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. తర్వాత ఆయన పద్యానికి చేసింది గమనించండి. నాటకాల్లో పద్యమంటే రాగం సాగదీసి, ఒన్స్ మోర్ అనిపించుకుని, మళ్లీ మొదటికొచ్చి పాడటం. బందరు, గుడివాడ స్టేజీలు ఆ రాగాలకు ఊగిపోయేవి. ఘంటసాల ఆ సాగదీతను కత్తిరించారు. మైకు ఉంది కాబట్టి గొంతు చించుకోవాల్సిన పని లేదని గ్రహించి, మాట ఎక్కడ విరిస్తే అర్థం తేటపడుతుందో అక్కడ విరిచి, రాగాన్ని భావం వెనక నడిపించారు. ఒన్స్ మోర్ పద్యానికి అలవాటుపడ్డ చెవులకు అది కొత్త. ఆ కొత్తదనమే ఆయన గొప్పతనం. ఆయన పేరు చెప్పి కొత్తదాన్ని తిట్టేవాళ్లు ఆయన్ను వినలేదనే అంటాను.

కూచిపూడి నుంచి చల్లపల్లి మీదుగా వెళితే పెదకళ్లేపల్లి వస్తుంది. వేటూరి సుందరరామమూర్తి పుట్టిన ఊరు. 1977లో ‘అడవి రాముడు’ పాటలకు ఆయన్ను తిట్టనివారు లేరు. తెలుగు పాట పరువు తీశాడన్నారు. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ వచ్చింది. అప్పుడు అదే కలాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండింటికీ రాసింది వేటూరి, బాణీ కట్టింది కె.వి. మహదేవన్, పాడింది బాలసుబ్రహ్మణ్యం. ఒకటి చెత్త యుగం, ఒకటి స్వర్ణ యుగం అని ఎక్కడ గీత గీస్తారు? ఇవాళ ‘అడవి రాముడు’ పాట వేస్తే అప్పుడు తిట్టిన తరమే లేచి చిందేస్తోంది.

కాలం ఒక జల్లెడ. 1957లో వచ్చిన సినిమాల్లో ‘మాయాబజార్’ నిలిచింది, ఇంకో నాలుగైదు నిలిచాయి. మిగతావాటి పాటలు పాడమంటే ఆ తరంవాళ్లూ పాడలేరు. నిలిచిన పది పాటల్ని నిన్న మొన్న పుట్టిన వంద పాటల పక్కన పెట్టి తూచడం ఏం న్యాయం? ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. గాయకుడు, వాద్యబృందం ఒకేచోట కూర్చుని రిహార్సల్ చేసి రికార్డు చేసిన పాటలో ఉండే నిండుతనం వేరు. అది పోవడం నష్టమే. దానికి కారణాలు డబ్బు, తొందర. ఈ కాలం కుర్రాళ్లకు ప్రతిభ లేకపోవడం కాదు.

ఇక ఊరంతా కలిసి చూశామన్న మాట. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మా డెల్టా ఊళ్లలో టీవీ చాలాకాలం ఒకటి రెండు ఇళ్లలోనే ఉండేది. ఆదివారం ‘రామాయణం’ వేళకు ఆ ఇంటి హాల్లో చాప మీద కూర్చున్నదెవరు? కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడ్డదెవరు? ఏ పేటవాళ్లు గేటు దాటలేదు? ఇంటి ఆడవాళ్లు కూర్చుని చూశారా, వంటింట్లోంచి తొంగిచూశారా? హాల్లో కూర్చున్నవాళ్లకు అది అందమైన జ్ఞాపకం. కిటికీ దగ్గర నిలబడ్డవాణ్ని అడిగితే ఇంకో కథ చెబుతాడు. తన ఇంట్లో తన టీవీ వచ్చిన రోజు అతనికి ఎంత పెద్ద రోజో మన వ్యాసాల్లో కనపడదు.

పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలుపెట్టారు. మరుసటి ఏడు ‘పాడుతా తీయగా’ వచ్చింది. అప్పుడు కేబుల్ టీవీ సంసారాలు కూల్చేస్తోందని ఎన్ని ఉపన్యాసాలు! ఇప్పుడు ఆ తొంభైల టీవీయే మంచి రోజుల గుర్తు.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. పామర్రు దగ్గర కీబోర్డు వాయించే ఒక కుర్రాడు తెలుసు. పెళ్లిళ్లలో, పాత పాటల విభావరుల్లో రాత్రి రెండింటిదాకా వాయిస్తాడు. ఏ పాటలో ఏ చరణం ముందు వేణువు వస్తుందో కళ్లు మూసుకుని చెబుతాడు. సొంతంగా కట్టిన పాటలు కొన్ని ఫోన్లో దాచుకున్నాడు. ఒక సభలో విరామంలో ఒకటి వాయించబోతే, నిర్వాహకుడు చెయ్యి అడ్డుపెట్టి, “ఇవన్నీ ఎవడు వింటాడురా, పాతది వెయ్యి” అన్నాడు. కుర్రాడు తలొంచుకుని పాతదే వేశాడు. ఆ పాట కట్టినాయన కూడా ఒకనాడు ఇలాంటి కుర్రాడే.

పాత మీద ప్రేమే ఉంటే చేయాల్సిన పని కొండంత ఉంది. మొదటి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. మనం పాడుకునే పాటల్లో ఆ వేణువు ఎవరిదో, ఆ సితారు ఎవరిదో రికార్డు మీద రాయలేదు. వాళ్ల పిల్లలు ఇంకా ఉండగానే అడిగి రాసుకోవాలి. బందరు, గుడివాడ ఇళ్లలో అటకల మీదున్న గ్రామఫోను రికార్డులు, పాటల పుస్తకాలు ఒకచోటికి చేర్చాలి. అది చేసేవాళ్లకు చందా ఇస్తాను, చాకిరీ చేస్తాను. పాటల పోటీలు పెట్టేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతున్నాను. సొంత పాటకు ఒక విభాగం పెట్టండి. పిల్లలు కట్టుకొచ్చింది చివరిదాకా వినండి, బాగోకపోతే ఎందుకు బాగోలేదో వాళ్లకు చెప్పండి.