టవర్ కావాలి, లెక్క కూడా కావాలి



రెండు రోజులుగా గ్రూపులో టవర్ మీద గొడవ నడుస్తోంది. ఒకరు 'టవర్ వస్తే క్యాన్సర్ వస్తది, అడ్డుకోండి' అంటారు. ఇంకొకరు 'చదువుకున్నోళ్ళే ఇట్లా అంటే మన ఊళ్ళు ఎప్పుడు బాగుపడతాయి' అంటారు. ఇద్దరి దగ్గరా ఒక్క అంకె లేదు. నాకు కోపం అక్కడే.

ముందు భయం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో పెట్టింది. కావచ్చు అంది, అవునని తేల్చలేదు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు దించారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు ఉన్నది 0.45 అయింది. ఇంకో మాట. సిగ్నల్ సరిగా అందని చోట ఫోన్ తన శక్తి పెంచుకుని అరుస్తది. గుట్టెక్కి ఒక్క గీత పట్టుకుని చెవికి ఆనించుకుంటాం చూడండి, ఎక్కడో ఉన్న టవర్ కన్నా ఆ ఫోనే మన తలకు ఎక్కువ ఇస్తది. టవర్ వద్దనేవాళ్ళు ఇది ఆలోచించారా? 108కి ఫోన్ కలవక డోలీ కట్టే ఊళ్ళు మనవి!

అట్లాగని రెండో పక్షాన్ని వదలను. 'పరిమితి లోపే ఉంది' అంటే సరిపోద్దా? ఎక్కడ నిలబడి కొలిచారు? టవర్ మొదట్లోనా, యాంటెనాకి ఎదురుగా ఉన్న హాస్టల్ మేడ మీదనా? రెండు చోట్లా ఒకే అంకె రాదు. ఏ వేళ కొలిచారు? ఎన్ని కంపెనీలవి కలిపి? కంపెనీ తనకు తానే ధ్రువపత్రం రాసిస్తది, టెలికాం శాఖ వాటిలో కొన్నింటినే తనిఖీ చేస్తది. మా దగ్గర కొలవండి అని మనమే అడగొచ్చు, 2017లో తరంగ్ సంచార్ పోర్టల్ తెచ్చింది అందుకే. దానికి పెట్టిన ఫీజు 4,000 రూపాయలు. ఉపాధి పనిలో మూడొందల చిల్లర కూలి లెక్కన పదమూడు రోజుల కష్టం. అదీ ఆన్‌లైన్‌లో కట్టాలంట, సిగ్నల్ లేని ఊరి నుంచి!

అందుకే గ్రామసభలో పెట్టాల్సింది 'టవర్ వద్దు' తీర్మానం కాదు. టవర్ వేయండి, వేసిన తర్వాత బడి దగ్గర, అంగన్‌వాడీ దగ్గర మా ముందు కొలవండి, ఫీజు మా మీద వేయొద్దు అని. కొలిచిన చోటు, గంట, వచ్చిన అంకె, పక్కనే పరిమితి తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించాలి. కోయ, కువి, సవర మాట్లాడే చోట ఆ భాషలో చదివి వినిపించాలి.

తీర్మానం నమూనా ఈ రాత్రికి రాసి పెడతా. 'అడ్డుకోండి' మెసేజ్ ఫార్వర్డ్ చేసిన తమ్ముడే వాళ్ళ ఊళ్ళో మొదటి సంతకం పెట్టాలి.