క్వార్టరు ఆయనది, వాడ ఆమెది

జనగామకు, మానుకోటకు రైలుంది. భూపాలపల్లికి రావాలంటే వరంగల్ నుంచి పరకాల మీదుగా బస్సెక్కాల్సిందే. 2016లో జిల్లా కేంద్రమైంది, ఆఫీసులొచ్చాయి. అయినా సింగరేణి వాడల్లో గడియారం మాత్రం గనిదే. మూడు షిఫ్టుల లెక్కనే పొయ్యి వెలుగుతుంది, సద్ది కడతారు.

ఓ పూట ఆ క్వార్టర్ల మధ్య కూర్చుని చూడండి. ఇళ్లన్నీ ఒకే మూస. కానీ ఒక గుమ్మం ముందు తులసి, పక్కగుమ్మం మీదికి పాకిన బీరపాదు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే పక్కింటి పిల్లలు కూడా గొంతు తగ్గించాలి. "వదినా, అన్న డూటీ నుంచి వచ్చిండా?" ఇది ఉత్త పలకరింపు కాదు. షిఫ్టు దిగే వేళ దాటి అరగంటయితే ఆ మాటలో గుబులుంటుంది. బాయి మీద నుంచి కబురు రాకముందే నలుగురు ఆడవాళ్లు ఆ గుమ్మంలో చేరిపోతారు. కొత్తగూడెం నుంచి ఒకరు, మందమర్రి నుంచి ఒకరు బదిలీల మీద వచ్చినవాళ్లే. మొదట ఎవరికెవరూ ఏమీ కారు. చిట్టీలు, కాన్పుల తోడు, బతుకమ్మకు పంచుకున్న గునుగుపూలు కలిసి దాన్ని వాడగా చేశాయి.

ఇంతా చేసి ఆ ఇల్లు ఆమెది కాదు. ఆయన పేర కంపెనీ ఇచ్చింది. 2021లో పదవీ విరమణ వయసు 60 నుంచి 61కి పెరిగింది, అంతే. ఆయన దిగిపోతే క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. దండ వేస్తారు, శాలువా కప్పుతారు. పాతికేళ్లు ఆ వాడను నిలబెట్టిన మనిషిని ఎవరైనా వేదిక మీదికి పిలుస్తారా? ఆయనకు స్నేహితులు టీకొట్టు దగ్గర ఎక్కడైనా దొరుకుతారు. గోడ అవతలి నుంచి పిలిచే వదిన ఆమెకు మళ్లీ దొరకొద్దూ?

2019లో కేంద్రం భూగర్భ గనుల్లో స్త్రీలు పగటి వేళ పనిచేసేందుకు అనుమతించింది. సంతోషమే. ఆమె పేరనే క్వార్టరు వచ్చే ఇళ్లు పెరగాలి. అయితే సద్ది కట్టి పంపే ఇల్లాళ్ల సంగతి?

వాళ్లతో ఒక్క మాట. జాగా సంగతి ఆయన దిగిపోయే ఏడాది కాదు, పదేళ్ల ముందే ఎత్తండి. ప్రావిడెంట్ ఫండ్ డబ్బు ఎక్కడ పెడుతున్నారో కూర్చోబెట్టి అడగండి. ఇంటి కాగితాలు ఇద్దరి పేరా రాయించండి. "నా మీద నమ్మకం లేదా?" అని అలుగుతాడు, అలగనివ్వండి. కుదిరితే పక్కింటి వదినను కూడా అడగండి, ఆ పక్క ప్లాటు ఖాళీగా ఉందేమో.