మొఖం ఫొటో పడ్డది సరే, పిల్లగాని మాట సంగతేంది?

2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలల్ల కొత్త రూలు నడుస్తున్నది. ఇంటికిచ్చే పౌష్టికాహారం ప్యాకెట్ కావాలంటే తల్లి మొఖాన్ని ఫోను గుర్తుపట్టాలె. పోషణ్ ట్రాకర్ యాప్‌ల టీచరమ్మ ఫొటో తీస్తది, అది ఆధార్‌తోని కలవాలె, రిజిస్టర్ చేసేటప్పుడు నంబర్‌కు ఓటీపీ రావాలె. ఆ నంబర్ ఉన్న ఫోనేమో మొగుని జేబుల ఉంటది, మొగుడేమో హైదరాబాద్‌ల సెంట్రింగ్ పని కాడ ఉంటడు. సిగ్నల్ ముచ్చట ఇంక చెప్పనక్కర్లేదు. దీని మీద టీచర్లు చాలా రాష్ట్రాలల్ల ధర్నాలు చేసిన్రు.

దొంగ లెక్కలు ఆపెతందుకే ఇదంతా అని సర్కారు అంటున్నది. దొంగ లెక్కలు ఆపాలె, అండ్ల రెండో మాట లేదు. నా పంచాయితీ వేరే. ఒక పూటంతా మొఖాలు పట్టుడుకే పోతే, ఆ తల్లి సంకల ఉన్న పిల్లగాడు ఏం తింటున్నడు, ఎన్ని మాటలు మాట్లాడుతున్నడు, పిలిస్తే తిరిగి చూస్తున్నడా అని అడిగేటోళ్లు ఎవరు?

ఇక్కడ ఒక ముచ్చట చాలామందికి తట్టదు. అంగన్‌వాడీకి వచ్చి కూసునేది మూడేండ్లు దాటిన పిల్లలు. ఆర్నెల్ల నుంచి మూడేండ్ల దాకా పిల్లలు ఇంట్లనే ఉంటరు. వాళ్ల కాడికి పోయేది ప్యాకెట్ ఒక్కటే. మెదడు ఎక్కువ ఎదిగేది ఆ ఏండ్లల్లనే, మాట వచ్చేది అప్పుడే, నడక వచ్చేది అప్పుడే. గా వయసు పిల్లల మీదనే మన సూపు తక్కువ.

లెక్కలు జర చూడున్రి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత 2015-16ల అయింది, ఐదో విడత 2019-21ల అయింది. ఈ రెంటి నడుమ తెలంగాణల వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేండ్ల లోపు పిల్లలు వందల 28 మంది నుంచి 33 మందికి పెరిగిన్రు. రక్తం తక్కువున్న పిల్లలు సుమారు 61 నుంచి 70కి పోయిన్రు. వందల డెబ్బై! రాష్ట్రం వచ్చినంక, కరెంటు వచ్చినంక, చెర్వులు నిండినంక, పంట ఇంటికి వచ్చినంక గూడ లెక్క కిందికి రాలే, మీదికి పోయింది. దేశం మొత్తం మీద చూసినా, ఆర్నెల్ల నుంచి రెండేండ్ల లోపు పిల్లలల్ల సరిపోయేంత తిండి అందేది వందల 11 మందికే అని అదే సర్వే చెప్తది. బియ్యం లేక కాదు ఇది. రేషన్ బియ్యం అందరిండ్లల్ల ఉన్నయి. పిల్లగాని గిన్నెల పప్పు లేదు, గుడ్డు లేదు, ఆకుకూర లేదు.

"మావోడు ఏం తింటలేడు" అన్న మాట ఊర్ల ఏ గడపల చూసినా వినొస్తది. అండ్ల సగం భయం అక్కర లేనిది. పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్లగాడు ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోలు అయితడు, అంటే మూడింతలు. రెండో ఏడాదిల మాత్రం పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుడు తగ్గినప్పుడు ఆకలి తగ్గుతది. పిల్లగాని కడుపు వాని పిడికిలంత. నిన్న గిన్నెడు తిన్నడు, ఇయ్యాల నాలుగు ముద్దలకే మొఖం తిప్పిండంటే అది రోగం గాదు. కొత్త కూర పెడితే మొదటిసారి ఉమ్ముతడు. పది, పన్నెండుసార్లు పెడితే గని నాలుకకు అలవాటు గాదు. మనం మూడోసారికే "వీనికి పాలకూర పడదు" అని తీర్పు చెప్తం. తీర్పు చెప్పి ఐదు రూపాయల చిప్సు పొట్లం చేతిల పెడ్తం. వాడేం చేస్తడు మరి! ఉప్పు, నూనె, మసాలా తగిలిన నాలుకకు ఉడికిన పప్పు సప్పగుంటది.

మిగిలిన సగం భయం మాత్రం నిజమే, అయితే మనం దాన్ని తప్పు కాడ వెతుకుతున్నం.

మా అక్క కొడుకు సంగతి చెప్త. పత్తి ఏరే కాలంల వానికి 22 నెలలు. అక్క పొద్దుగాల ఏడింటికే చేనుకు పోతది, వాన్ని నాయనమ్మ చూసుకుంటది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వాని ఎంబడి ఉరికే శక్తి లేదు. ఏడిస్తే ఫోను, ఆకలైతే పాలసీసా. రోజుకు నాలుగైదు సీసాల పాలు తాగుతడు, నడుమ నాలుగు బిస్కెట్లు. బరువు తూస్తే 10.8 కిలోలు. రెండేండ్ల మగపిల్లగాడు 9.7 కిలోల కంటే తక్కువుంటేనే బరువు తక్కువ కింద లెక్క. వీడు అంతకు మీదనే ఉన్నడు కాబట్టి చార్టుల పచ్చ రంగుల పడ్డడు. పచ్చ రంగు అంటే ఫికర్ లేదు. యాప్‌ల గూడ అంతే.

కానీ వాడు గోడ సున్నం గీకి తింటడు, మన్ను తింటడు. "అమ్మ", "తాత" తప్ప మాట లేదు. పిలిస్తే పదిసార్లల్ల రెండుసార్లు తిరుగుతడు. వాడలున్నోళ్లంతా ఒకటే మాట: "మగపిల్లలు జర లేటు, వాళ్ల నాయిన గూడ మూడేండ్లకే మాట్లాడిండు." ఆశ వర్కర్ అక్క మాత్రం మన్ను తినుడు చూసి ఊకోలే. పీహెచ్‌సీకి తోల్కపోయి రక్తం చూపిచ్చింది. 8.2 వచ్చింది. సర్వేల 11 కంటే తక్కువుంటేనే రక్తహీనత అంటరు.

పాలు తాగే పిల్లగానికి రక్తం ఎందుకు తగ్గిందని అక్క అడిగింది. మంచి ప్రశ్న అది. పాలల్ల ఇనుము శానా తక్కువ. పొట్ట పాలతోనే నిండితే పప్పుకు, గుడ్డుకు జాగ ఉండదు. రోజుకు అర లీటరు దాటితే ఆ గోస మొదలైతది. చాయ తాపితే ఇంక అన్నాయం, తిన్న తిండిల ఉన్న ఇనుమును గూడ ఒంటికి పట్టనియ్యదు. మా దిక్కు చాయల బిస్కెట్ ముంచి పెట్టని ఇల్లు ఏదున్నదో చూపిస్తే నేను పోయి దండం పెడ్త.

ఇనుము రక్తానికే గాదు, మెదడుకు గూడ కావాలె. ఇనుము తక్కువున్న పిల్లగాడు మబ్బుగ ఉంటడు, చిరాకు పడ్తడు, కొత్తది నేర్చుకునుడు మెల్లగైతది, ఆకలి గూడ సచ్చిపోతది. చూసిన్రా, తింటలేడు కాబట్టి రక్తం లేదు, రక్తం లేదు కాబట్టి తింటలేడు. దాని మీదికి ఫోను. ఫోను చూసుకుంట తినే పిల్లగానికి నోట్ల ఏం పోతున్నదో తెల్వది, ఎదురుగ ఉన్న మనిషి మొఖం కనవడది, మాట వినవడది. పిల్లగాడు మాట నేర్చుకునేదే బువ్వ కాడ. "ఇగో కాకి ముద్ద, ఇగో పిచ్చుక ముద్ద" అన్న నాలుగు మాటలు తల్లి నోట్లెకెల్లి రావాలె. రెండేండ్ల లోపు పిల్లలకు స్క్రీనే వద్దని మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం 2021లనే చెప్పింది. ఫోను చూస్తే ఆటిజం వస్తదని యూట్యూబ్‌ల కొందరు బెదిరిస్తున్నరు, అది నమ్మకున్రి. అట్లని ఎవ్వరూ తేల్చలే. అసొంటి మాటలతోని తల్లులను ఏడిపిచ్చుడు తప్ప ఒరిగేదేం లేదు.

తల్లిని తిట్టుడు అల్కటి పని. కూలికి పోకుంటే ఇల్లు గడవది, పోతే పిల్లగాన్ని చూసేటోళ్లు లేరు. అందుకే తిండి ముచ్చట మాట ముచ్చట వేరే వేరే గాదంటున్న. ఎదురుగ కూసోని మెల్లగ ముద్ద పెట్టే మనిషి ఉంటే రెండూ నడుస్తయి, లేకుంటే రెండూ ఆగుతయి.

మావోనికి డాక్టర్ పాలు రెండు గ్లాసులకు తగ్గించమన్నడు, ఇనుము సిరప్ రాసిండు, చెవులు పరీక్ష చేయించమన్నడు, జిల్లా కేంద్రంల ఉన్న సెంటర్‌కు చీటీ ఇచ్చిండు. మూడు నెలలల్ల మన్ను తినుడు బందయింది. మాటలు మెల్లగ వస్తున్నయి.

ఆ సెంటర్ గురించి తెలిసినోళ్లు మన ఊర్లల్ల పది మంది గూడ ఉండరు. 2013ల రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని మొదలువెట్టిన్రు. డాక్టర్లున్న బండి ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలె, పుట్టుకతోని వచ్చిన లోపాలు, రోగాలు, పోషకాల లోటు, ఎదుగుదల లేటు అన్నీ చూడాలె. లోపం దొరికితే జిల్లా స్థాయి సెంటర్‌కు పంపాలె. అక్కడ మాట నేర్పేటోళ్లు, ఫిజియోథెరపీ చేసేటోళ్లు పైస తీసుకోకుంట చూస్తరు. కాగితం మీద బంగారం అసొంటి పథకం. గని బండి వచ్చే రోజు ఇంట్ల ఉన్న రెండేండ్లోడు సెంటర్‌ల ఉండడు, వాని తల్లికి బండి వస్తున్నట్టే తెల్వది. జిల్లా కేంద్రం మాకు 46 కిలోమీటర్లు. వారానికోసారి రమ్మంటరు. మహాలక్ష్మి పుణ్యాన బస్సు ఫ్రీనే, ఆ రోజు కూలి పోవుడు మాత్రం ఫ్రీ గాదు.

ఏడాదిన్నరకు గూడ నడవకపోతే, వేలుతోని చూపెట్టి అడగకపోతే, రెండేండ్లకు "అమ్మ రా", "పాలు కావాలె" అని రెండు మాటలు కలపకపోతే, పేరు పెట్టి పిలిస్తే పలకకపోతే, ముందు వచ్చిన మాటలు మల్ల పోతే ఆగొద్దు. "లేటుగ వస్తయితీ" అన్న మాటతోని ఏడాది పోగొట్టుకుంటే ఆ ఏడాది తిరిగి రాదు.

పైసల ముచ్చట గూడ మాట్లాడుకోవాలె. అంగన్‌వాడీ పిల్లగాని తిండికి రోజుకు 8 రూపాయలని కేంద్రం 2017ల లెక్కగట్టింది, ఆ తర్వాత ఏండ్లకేండ్లు అదే లెక్క నడిపింది. కిరాణంల చిప్సు పొట్లం ఐదు, పది రూపాయలు. మన రాష్ట్రం బాలామృతం ఇస్తున్నది, నెలకు రెండున్నర కిలోలు, పైకెల్లి 16 గుడ్లు. గుడ్డు మీద నాకు ఏ పేచీ లేదు, వస్తే వానికే పెట్టున్రి, ఇంటిల్లిపాదికి కూర చేయకున్రి. బాలామృతంల గోధుమలు, శెనగపప్పు, పాలపొడి, నూనెతోపాటు చక్కెర గూడ ఉన్నది. బిస్కెట్ కంటే వెయ్యిరెట్లు మేలు, నిజమే. అయితే దాన్ని బర్లకు కలిపి పెట్టిన ఇండ్లు నేను చూసిన, ఎందుకంటే ఎట్ల వండాలె, ఎంత పెట్టాలె అని ఎవ్వరూ కూసోని చెప్పలే.

చక్కెర అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబర్‌ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డర్ ఇచ్చింది: అసలు ఫార్ములా లేని తియ్యటి డ్రింకుల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని. విరేచనాలు అయితున్న పిల్లగానికి ఎక్కువ చక్కెర తాపితే నీళ్లు ఇంక పోతయి. అసలు ఓఆర్‌ఎస్ పొడి ఆశ వర్కర్ కాడ ఊకెనే దొరుకుతది. 2024లనేమో, స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి మన దేశంల అమ్మే సెరెలాక్‌ల చక్కెర కలుపుతున్నరని, యూరప్‌ల మాత్రం కలుపుతలేరని బయటపెట్టింది. తగ్గించుకుంటనే వస్తున్నమని కంపెనీ అన్నది. డబ్బాకు పెట్టే పైసలతోని తైదలు, పెసరపప్పు ఏంచి పిండి పట్టిస్తే పిల్లగానికి శానా రోజులొస్తది. పల్లీలు గూడ మంచియే, కాకుంటే గింజలెక్క ఇయ్యొద్దు, గొంతుల ఇరుక్కుంటది. దంచి కలపాలె.

2025 డిసెంబర్‌ల మూడు విడతలల్ల పంచాయతీ ఎలక్షన్లు అయినయి. కొత్త సర్పంచులు కూసున్నరు, వాళ్ల ఎంబడి తిరిగింది మన ఈడు పోరగాళ్లే. సీసీ రోడ్డు అడుగుతున్నం, హైమాస్ లైటు అడుగుతున్నం, జిమ్ గూడ అడుగుతున్నం. గ్రామసభల ఇవి గూడ అడగాలె. నెలకోసారి జరిగే ఆరోగ్య, పోషణ దినం నాడు మూడేండ్ల లోపు ప్రతి పిల్లగాన్ని తూచి, ఎత్తు కొలిచి, మాట గూడ చూస్తున్నరా? ఆశ వర్కర్ వారానికి రెండుసార్లు ఒక ఎంఎల్ చొప్పున వేసే ఇనుము సిరప్ సీసాలు స్టాకుల ఉన్నయా? ఆరోగ్య బండి వచ్చే తారీఖు రెండు రోజుల ముందు ఊరి వాట్సాప్ గ్రూపుల పడుతదా? పత్తి, నాట్ల కాలంల చిన్నపిల్లలను చూసుకునేతందుకు, కేంద్రం పాల్నా పథకం కింద ఇచ్చే క్రెష్ మన ఊరికి ఎందుకు రాలే? మాట నేర్పేటాయనను నెలకు రెండుసార్లు మండలానికి పంపమని తీర్మానం చేస్తరా?

నోటి మాటతోని వదలకుంట తీర్మానాల పుస్తకంల రాయించి, కింద తారీఖు ఏయించాలె. మా ఊర్ల వచ్చే సభకు మేం పదకొండు మందిమి పోతున్నం, అండ్ల నలుగురు తల్లులు, ఒక నాయనమ్మ ఉన్నరు.