కంటికి గానరాని నాణెము

వంశధారా తీరమున ధాన్యమమ్మిన సొమ్ము చేతబడిన రైతు పూర్వము రెండు మూడు త్రోవలనే యెఱుగును. అరయెకరమో, ఎకరమో భూమి కొనుట, బంగారము చేయించుట, ఊరిలో వడ్డికిచ్చుట. పిమ్మట తపాలా కచేరీయు, బ్యాంకులును వచ్చినవి. ఇప్పుడు క్రిప్టో యను క్రొత్త త్రోవ చేతిలోని ఫోనునుండియే పిలుచుచున్నది. దూరప్రాంతములకు కూలికిని, ఉద్యోగములకును బోయిన యువకులు పండుగకు మరలివచ్చునపుడు బిట్‌కాయిన్ మాటను వెంట దెచ్చుచున్నారు. ఎవరికో వేలు లక్షలైనవట, మనమును బెట్టుదమా యను ప్రశ్న శ్రీముఖలింగము వంటి క్షేత్రగ్రామములకును దూరము కాదు.

ఈ ప్రశ్నను అత్యాశ యని కొట్టివేయుట న్యాయము కాదు. మన జిల్లాలో వ్యవసాయమే వానతోడను, తుపానుతోడను ఏటేట నాడు పందెము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను ఒక్కరాత్రిలో నేలగూల్చినది. ఏండ్ల తరబడి పెంచిన చెట్టే నిలువనపుడు మఱియొక యాదాయమును వెదకుట తప్పెట్లగును? అయితే సొమ్మును దేనిలో బెట్టుచున్నామో, ఎవరిని నమ్ముచున్నామో, అది పోయినచో జవాబుదారి యెవరో ముందుగా విచారింపవలెను.

మొదట నొక భ్రమను దొలగింపవలసియున్నది. శివరాత్రి తరువాతి చక్రతీర్థపు తిరునాళ్లలో టెంకాయకు ఫోనుతో సొమ్ము చెల్లించిన మాత్రమున నది క్రిప్టో కాదు. అది మన బ్యాంకులోని రూపాయి యింకొకరి బ్యాంకునకు బోవుటయే. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరులో సామాన్యులకై ప్రయోగాత్మకముగా బ్రవేశపెట్టిన డిజిటల్ రూపాయియు ప్రభుత్వపు రూపాయియే. బిట్‌కాయిన్ వేఱు. సతోషి నకమోతో యను మాఱుపేరుతో నెవరో 2008లో దాని విధానమును బ్రకటించిరి. 2009 జనవరిలో నది నడకకు వచ్చినది. మొత్తము 2 కోట్ల 10 లక్షల నాణెములకు మించి పుట్టకుండ దానికి గట్టడి గలదు. ఎవరినుండి యెవరికెంత మాఱినదో తెలుపు చిట్టా ఒక్కచోట నుండక, లోకమంతట వేలకొలది కంప్యూటర్లలో నొకేరీతిగా వ్రాయబడియుండును. ఒకచోట దిద్దినను తక్కిన ప్రతులు ఒప్పుకొనవు. అందుచే ఆ చిట్టాను తుడిచివేయుట దుస్సాధ్యము.

తుడువరాని చిట్టా మనకు క్రొత్తది కాదు. చరిత్రకారులు పెక్కురు గంగరాజుల కళింగనగరముగా గుర్తించిన శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయపు రాళ్లే యట్టి చిట్టాలు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పరలాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండిన కాలమున శ్రమించి చదివిన యా శాసనములలో, అఖండదీపములకై దాతలు మాడలు సమర్పించిన దానములు గలవు. ఇచ్చినదెవరో, ఇచ్చినదేమో, ఏ ధర్మమున కిచ్చిరో రాతిపై నున్నది. ఆ దీపము వెలుగనిచో నడుగుటకు దేవస్థానమున్నది, ఊరున్నది, ఆనాడు రాజును గలడు. క్రిప్టో చిట్టా యెంత చెఱగనిదైనను దానిలో నంకెలు మాత్రమే యుండును. అడుగుటకు మనిషి యుండడు. గంగరాజుల బంగారు ఫణము రాజ్యము పోయిన పిదపను బంగారముగా నిలిచినది. రూపాయి కాగితమైనను దానికి రిజర్వు బ్యాంకు బాధ్యత వహించినది. బిట్‌కాయిన్‌కు లోహమును లేదు, హామీదారును లేడు. రేపింకొకడు కొనునను నమ్మకమే దాని విలువకు మూలము.

ఆ నమ్మకము కొందఱికి లాభము దెచ్చిన మాట నిజము. 2021 నవంబరులో బిట్‌కాయిన్ వెల 69,000 డాలర్ల చేరువకు బోయినది. సరిగా నేడాదికి 16,000 డాలర్లకు దిగువ పడినది. అనగా శిఖరమున బెట్టిన లక్ష రూపాయలు సుమారు పాతికవేలైనవి. 2024 మార్చిలో నది పూర్వపు వెలకు చేరినది. ఆ డిసెంబరులో లక్ష డాలర్లు దాటినది. 2025 అక్టోబరులో 1,25,000 దాటి, మరుమాసముననే 90,000కు దిగువ జాఱినది. రెండేండ్లకు పైగా నోపిక పట్టగలిగినవాడు నష్టము నెఱుగడు. కాని సామాన్యుని సొమ్మునకు గడువులుండును. నాట్లకు కూలి యీయవలెను, పిల్లకు పెండ్లి చేయవలెను, ఆసుపత్రి ఖర్చు చెప్పి రాదు. ఆ గడువు వెల పడిన యేటనే వచ్చినచో పాతికవేలకే యమ్ముకొనవలసివచ్చును. అప్పు చేసి తెచ్చిన సొమ్మునకైతే ఓపిక బొత్తిగా లేదు. వెల పడినను వడ్డి పెరుగుచునేయుండును.

వెల నిలిచినను దాచినచోటు నిలువకపోవచ్చును. 2022 నవంబరులో లోకమున బెద్ద యంగళ్లలో నొకటియైన ఎఫ్‌టీఎక్స్ దివాలా యెత్తినది. దాని యధిపతికి 2024లో అమెరికా న్యాయస్థానము 25 యేండ్ల కారాగారము విధించినది. మన దేశమున 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడినవి. ఖాతాదారులు తమ నాణెములకై యేడాదికి పైగా నెదురుచూడవలసివచ్చినది. బ్యాంకు మూతపడినచో 5 లక్షల రూపాయల వఱకు భీమా గలదు. ఈ యంగళ్లలోని సొమ్మునకట్టి భీమా లేదు. అంగడితో పని లేక తామే దాచుకొందమన్నచో, రహస్యపు తాళపుమాటలు మఱచినవానికి నాణెములు శాశ్వతముగా బోయినట్లే. అర్జీ పెట్టుకొనుటకు కచేరీ యుండదు.

వీనికన్న ఘోరమైనది మోసము. నెలకు నూటికింత యని వడ్డి వాగ్దానము చేసిన బిట్‌కనెక్ట్ 2018 జనవరిలో కూలినది. ఇట్టిదానిని గుర్తించుటకు గొప్ప విద్య యక్కఱలేదు. బిట్‌కాయిన్ తనంతట వడ్డి పెట్టునది కాదు, పంట పండునది కాదు. దానిపై నెలనెలకు నిలకడగల రాబడి యిత్తుమనువాడు, ఇంకొకనిని జేర్చినచో కమీషను గలదనువాడు, క్రొత్తగా జేరినవాని సొమ్మును పాతవానికి బెట్టుచున్నాడని యెఱుంగునది. మనకిది తెలియని పాఠమా? క్రిప్టో మాటయే లేని అగ్రిగోల్డ్ వ్యవహారమున సుమారు 32 లక్షలమంది 6,380 కోట్ల రూపాయలు పోగొట్టుకొనిరని లెక్కదేలినది. 2019లో పదివేలలోపు, 2021లో ఇరువదివేలలోపు డిపాజిటుదారులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సొమ్ము చెల్లింపవలసివచ్చెను. ఆ సొమ్మును గ్రామములలో వసూలు చేసినవారు పరాయివారు కారు, ఎఱిగినవారే, బంధువులే. మొగమాటమే వారికి పెట్టుబడి.

ఇక పన్ను సంగతి. వ్యవసాయాదాయమునకు ఆదాయపుపన్ను లేని యలవాటుగల మన రైతులు దీనిని జాగ్రత్తగా వినవలెను. 2022 ఏప్రిలునుండి క్రిప్టో లాభముపై నూటికి 30 చొప్పున పన్ను. కనీస మినహాయింపు వర్తింపదు. ఒక నాణెముపై లక్ష లాభమును, వేఱొకదానిపై లక్ష నష్టమును వచ్చినచో చేతిలో మిగులు సున్న. అయినను 30,000 రూపాయల పన్నును, దానిపై సెస్సును గట్టవలెను. నష్టమును మరుసటి యేటికి మోసికొనిపోవుటకును వీలులేదు. అమ్మకపు మొత్తముపై నూటికి 1 మూలముననే మినహాయింతురు.

ఇచ్చట ప్రభుత్వమునకు మా మాట యొకటి గలదు. 2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారులకు బ్యాంకు సేవలు నిలిపినది. 2020 మార్చిలో సుప్రీముకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. 2022లో పన్ను వచ్చినది. 2023లో అక్రమ ధనచలామణి నివారణ చట్టము వర్తించినది. నిషేధమును లేదు, నాణెమను గుర్తింపును లేదు. పన్ను గైకొనుటకు దగిన వ్యవహారమైనచో, పన్నిచ్చు సామాన్యుని సొమ్మును గాపాడుటకు దగిన చట్టమును గావలెను. అంగళ్లు ఖాతాదారుల సొమ్మును వేఱుగా నుంచవలెననియు, లెక్కలు వెల్లడింపవలెననియు, దొంగతనము జరిగినచో బాధ్యత వహింపవలెననియు శాసింపకుండుట ఉపేక్షయే యగును.

చట్టము వచ్చువఱకు పాఠకులకు మా మనవి యిది. పూర్తిగా బోయినను ఇంటి దీపమాఱనంతటి సొమ్మునే దీనిలో బెట్టవలెను. అంతకు మించి వలదు. భూమి తనఖా పెట్టి, పుస్తెలు కుదువబెట్టి, సంఘములో నప్పుచేసి పెట్టరాదు. ఎవనికిని నగదు చేతికీయరాదు, తాళపుమాట చెప్పరాదు. ఇంతకన్న ముఖ్యమైనది మఱొకటి. గ్రామమున చదువుకొన్నవాడు, భూమిగలవాడు పెట్టెనని విని కౌలుదారును, కూలివాడును పెట్టుదురు. మీకు పదివేలు పోయినచో నొక యేటి విచారము. వానికి పోయినచో వలస. లాభము వచ్చెనని రచ్చబండ కడ జెప్పువారు నష్టము వచ్చిన దినమునను అచ్చటనే చెప్పవలెను.